మూడు వణక్కాలు

మైకులో నేను 31 ఏళ్ళు మాట్లాడాను. రోజుకు ఎనభై, తొంభై సార్లు. పామాయిల్ మిల్లు గేటు పక్కన కాటా గది, గదికి ఒక అద్దాల కిటికీ, కిటికీ వెనక నేను, నా మూతి ముందు మైకు. గెలల లోడుతో లారీ వచ్చి పలక మీదికి ఎక్కుతుంటే "మాసుక్, మాసుక్... సికిట్ లగీ... స్టాప్!" అని మలాయ్‌లో కేకేసేవాణ్ణి. లోడుతో ఒక తూకం, గెలలు దింపి వచ్చాక ఖాళీ లారీ తూకం. ఆ తేడా చీటీ మీద రాసి ఇవ్వడం నా ఉద్యోగం. వెనక చక్రం పలక దాటి అంగుళం బయట ఉన్నా నా గొంతు మిల్లంతా మోగేది. డ్రైవర్లు నన్ను 'కెరాణి సింగా' అనేవాళ్ళు. కెరాణి అంటే గుమాస్తా, సింగా అంటే సింహం.

ఆ సింహం సొంత కూతురి పెళ్ళిలో రసం గంగాళం వెనక దాక్కుంది.

భోజనాలకు ముందు ఆడపిల్ల తండ్రి లేచి, వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలూ నాలుగు వారాలు బట్టీ పట్టాను. "అదెంత పని, ఐదు నిమిషాల్లో అదరగొట్టేస్తాను చూడు" అని మా ఆవిడ దగ్గర కోతలు కూడా కోశాను. తీరా మైకు పట్టుకున్న కుర్రాడు నా పేరు పిలిచేసరికి, కాళ్ళు నన్ను అడక్కుండానే వంటశాల వైపు నడిచాయి. అక్కడ రసం మరుగుతోంది. ఉప్పు సరిపోయిందా అన్నాను. సరిపోయిందన్నారు. మిరియాలు వేశారా అన్నాను. వేశామన్నారు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి గంగాళం వెనక్కి వెళ్ళి ఆవిరి చాటున నిలబడ్డాను.

కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తిన ఉత్తరకుమారుడికి, వెంటపడి పట్టుకురావడానికి బృహన్నల ఉంది. నాకు మా ఆవిడ ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి, "ఏటండీ, పెళ్ళికూతురి తండ్రి రసానికి కాపలా కాస్తన్నాడా?" అంది. పట్టుకొచ్చింది గానీ భారతంలోలా ఆ తరవాత విజయమేమీ లేదు. మైకు మా బావమరిది చేతిలో పెట్టి, పక్కన నిలబడి అందరికీ దండం పెట్టాను. పెళ్ళి వీడియోలో ఆ భాగం రాగానే మా అమ్మాయి ఇప్పటికీ ముందుకు జరిపేస్తుంది.

అసలు ఈ భయం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. హుటాన్ మెలింటాంగ్ పేరాక్ రాష్ట్రంలో బెర్నాం నది ఒడ్డున ఉంది. నది దాటితే సెలంగోర్ రాష్ట్రం. నీళ్ళ మీద చేపల పడవలు, రోడ్డు వారన చైనావాళ్ళ కొట్లు, మిగిలినదంతా తోటలే. ఒకప్పుడు కొబ్బరి, ఇప్పుడు ఎక్కువగా పామాయిల్. మలాయ్‌లో హుటాన్ అంటే అడవి, మెలింటాంగ్ అంటే అడ్డంగా ఉన్నది. ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో గానీ నా గొంతుకు మాత్రం సరిగ్గా సరిపోయింది.

మా తాతల తరం అప్పటి విశాఖపట్నం జిల్లా పల్లెల నుంచి వచ్చి, ఈ బగాన్ డాతో వైపు కొబ్బరితోటల్లో దిగింది. అందుకే మా ఇళ్ళలో తెలుగు ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ తెలుగే. ఉప్పులో వేసిన మామిడికాయలా అలాగే నిలవ ఉంది, పక్కనున్న తమిళం, మలాయ్ దానిలో కొంత ఊరాయి, అంతే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజార్లో మలాయ్, దొర ఆఫీసులో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య పెరిగి నాలుగింటిలోనూ నోరు పెగలని మనిషిని మా వైపు నేనొక్కణ్ణే అనుకుంటాను.

నాలుగో తరగతిలో ఉండగా తమిళ బడిలో పేచ్చు పోట్టి పెట్టారు. వక్తృత్వ పోటీ అన్నమాట. ఐకమత్యమే బలం అనే విషయం మీద రెండు పేజీలు. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన ఇనుప గునపం మొన మీద కాయను గుచ్చి, ఒక్క తిప్పు తిప్పి పీచు ఊడదీసేవాడు. ఒలిచిన కాయలు గుట్టగా పడి ఉండేవి. సాయంత్రం బడి నుంచి వచ్చి ఆ గుట్ట ముందు నిలబడి నా ఉపన్యాసం అప్పజెప్పేవాణ్ణి. ఒలిచిన కొబ్బరికాయకు మూడు కళ్ళుంటాయి. కొన్ని వందల కాయలు, ఒక్కోదానికి మూడేసి కళ్ళు, అన్నీ నా వైపే చూస్తుంటే ఒక్క ముక్క తడబడకుండా చెప్పాను.

బడిలో రెండేసి కళ్ళవాళ్ళు కూర్చున్నారు.

"వణక్కం" అన్నాను. తరవాత ముక్క రాలేదు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటే అదే వస్తుందిలే అని "వణక్కం" అన్నాను. రాలేదు. మూడోసారి ఇంకా గట్టిగా, చేతులు జోడించి, "వణక్కం!" ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు వెనక వరస దాకా పాకింది. దిగి వచ్చేశాను. ఆ రోజు నుంచి నా పేరు మూణు వణక్కం. 60 దాటాను, మనవలున్నారు. తే తారిక్ తాగడానికి కూర్చుంటే నాతో చదివినవాళ్ళు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా నాన్న, "గొంతులో ఎలక్కాయ పడ్డట్టయిందేట్రా?" అన్నాడు. వెలక్కాయ ఎలా ఉంటుందో నేను చూడలేదు. నాకు తెలిసిన కాయ ఒకటే. అది గొంతులో పడితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను, సరిగ్గా అలాగే ఉంది.

ఈ జబ్బుకు మలాయ్‌లో ఒక మాట ఉంది: దారహ్ గెమురుహ్. గెమురుహ్ అంటే ఉరుములాంటి మోత, దారహ్ అంటే రక్తం. ఉరిమే రక్తం! ఆ మాట కట్టినవాడు ఎవరో గానీ మైకు ముందు నిలబడి ఉంటాడు. తెలుగులో సభాకంపం అంటారు. అందులో నాకెప్పుడూ ఒక అనుమానం. సభ ఎక్కడ కంపించింది? సభ శుభ్రంగా కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది, కంపించింది నేను కదా. తరవాత్తరవాత ఒక డాక్టరు చెప్పాడు, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయనీ, గుండె దడదడలాడడం, నోరెండిపోవడం, చేతులు చెమర్చడం అన్నీ పులి ఎదురైతే పారిపోవడానికో కలబడడానికో ఒళ్ళు చేసుకునే ఏర్పాట్లనీ. మా తాత కాలంలో ఈ అడవిలో నిజంగానే పులులుండేవి. నాకు సభాధ్యక్షుడు చాలు.

1981 ఏప్రిల్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. మొదటివి 1975లో హైదరాబాదులో. రెండోవి మా దేశానికి వచ్చాయంటే మా వైపు తెలుగువాళ్ళకు ఇంట్లో పెళ్ళి లాంటిది. మా నాన్న అప్పు చేసి చొక్కా కుట్టించుకున్నాడు. నాకు 23 ఏళ్ళు. సాయానికని వెళ్ళాను, మంచినీళ్ళు అందిస్తున్నాను. ఆంధ్ర నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, తెల్లటి పంచె, భుజాన కండువా, గ్లాసు అందుకుంటూ నా వైపు చూసి, "ఏం నాయనా, ఏ ఊరు నీది?" అన్నారు. ఆయన చుట్టూ పదిమంది. పదిమందీ నా వైపు తిరిగారు. అంత చక్కటి తెలుగు నేను సినిమాలో తప్ప వినలేదు. ఆయన ముందు మా ఎస్టేటు తెలుగు నోరు విప్పితే నవ్వుతారనిపించింది. నేను మలాయ్‌లో జవాబు చెప్పాను: "సాయా దరి హుటాన్ మెలింటాంగ్."

ఆయన పాపం, "ఓహో, తెలుగు రాదా" అని నా భుజం తట్టి, పక్కవాళ్ళతో, "చూశారా, వీళ్ళకోసమే ఈ సభలు" అన్నారు. జీవితంలో ఎప్పుడూ నాకు తెలుగు తప్ప వేరే భాషలో కల రాలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, తెలుగు రానివాడిగా ఒప్పుకుని, ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్ళిపోయాను. మూర్ఖత్వం చాలా రకాలుగా ఉంటుంది గానీ, భాష తప్పుతుందేమోనని భాషే రాదని చెప్పుకోవడం దానిలో మేలురకం.

మధ్యలో ముప్ఫై ఏళ్ళు ఎలా తప్పించుకు తిరిగానో అదంతా రాస్తే మీకు విసుగు. గుడి కమిటీలో కార్యదర్శిని చేస్తామంటే వద్దన్నాను, కార్యదర్శి నివేదిక చదవాలి. కోశాధికారిని చేయండన్నాను, లెక్కలు రాసుకుని మూల కూర్చోవచ్చని. ఏడాది చివర కోశాధికారి లెక్కలు చదవాలని అప్పుడు తెలిసింది. వాటిని అచ్చు వేయించి కుర్చీ కుర్చీకీ పంచాను. మరుసటి ఏడాది ఎవరో, "కళ్ళజోడు తేలేదు, చదవండి బాబూ" అన్నారు. నాకు హఠాత్తుగా దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం కూడా తెప్పించి ఇచ్చారు, తాగాను. దగ్గు నిజమేనని ఇంట్లో నమ్మించడానికి ఇంకో రెండు రోజులు దగ్గాల్సి వచ్చింది.

తెలుగు చదవడం, రాయడం నాకు 50 దాటాక వచ్చింది. మలేషియా తెలుగు సంఘం 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైంది. దాని తెలుగు తరగతుల్లో ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. అక్కడ మాత్రం భయం లేదు, నాకంటే వాళ్ళకే తప్పులు ఎక్కువ పోయేవి. చదవడం వచ్చాక ఇంట్లో పడున్న గాంధీగారి ఆత్మకథ తీశాను. అందులో నేను దొరికాను.

1891లో లండన్ విడిచి వచ్చేముందు గాంధీ తన శాకాహార మిత్రులకు హోల్బర్న్ రెస్టారెంట్‌లో విందు ఇచ్చాడు. లేచి నాలుగు మాటలు చెప్పాలి. చిన్నదే అయినా సరదాగా ఉండాలని, అడిసన్ అనే ఇంగ్లీషు రచయిత గురించి చదివిన కథ ఒకటి సిద్ధం చేసుకున్నాడు. అడిసన్ పార్లమెంటులో తొలిసారి లేచి ఒకే క్రియ మూడుసార్లు అని ఆగిపోయాడట. ఇంగ్లీషులో ఆ మాటకు 'అనుకుంటున్నాను' అనీ అర్థమే, 'కడుపుతో ఉన్నాను' అనీ అర్థమే. ఒక కొంటె సభ్యుడు లేచి, ఈయన మూడుసార్లు కడుపుతో ఉండి కూడా ఏమీ కనలేదని అన్నాడట. ఈ కథతో నవ్విద్దామని లేచిన గాంధీ మొదటి వాక్యం అవగానే అంతా మరిచిపోయి, వచ్చినందుకు థాంక్స్ అని చెప్పి కూర్చున్నాడు. తరవాత బొంబాయి కోర్టులో మమీబాయి అనే ఆవిడ కేసులో మొదటిసారి లేచి నిలబడితే కళ్ళు తిరిగి, ఒక్క ప్రశ్న అడగలేక, 30 రూపాయల ఫీజు తిరిగి ఇచ్చేశాడు.

ఒకే మాట మూడుసార్లు! పుస్తకం పక్కన పెట్టి, మా ఆవిణ్ణి పిలిచి, "అడిసన్ కూడా మూణు వణక్కమేనే" అన్నాను. "ఆయన ఏ ఎస్టేటు?" అంది.

గాంధీ తోడుదొరికాక నాలో ఉత్తరకుమారుడు మళ్ళీ లేచాడు. 2013 ఉగాదికి మా రామాలయంలో మాట్లాడతానని నేనే వెళ్ళి చెప్పాను. కమిటీవాళ్ళు నమ్మలేదు. శ్రీకాకుళంలో ఉన్న దూరపు బంధువు ఒకరికి ఫోన్ చేసి, మంచి తెలుగులో ఒక ఉపన్యాసం రాసి పంపమన్నాను. ఇక్కడే తప్పు చేశాను గానీ అప్పుడు తెలియదు. ఆయన పంపింది చూస్తే ప్రతి వాక్యం తిరునాళ్ళ రథమంత పొడుగు, అన్నిటికీ గంటలు, తోరణాలు. మొదటి మాటే 'వేదికనలంకరించిన పెద్దలకు'. దానికి నేను గాంధీ, అడిసన్‌ల కథ ఒకటి తగిలించాను. బట్టీ పట్టాను. ఈసారి కొబ్బరికాయలు లేవు, పెరట్లో కోళ్ళకు అప్పజెప్పాను.

ఆ రోజు గుడి నిండా జనం. ఆంధ్ర నుంచి వచ్చిన ఉపాధ్యాయుడొకాయన కూడా ముందు వరసలో కూర్చున్నాడు. ఉగాది పచ్చడి పంచారు. నేను లేచాను. రక్తం ఉరిమింది.

"వేదికనహంకరించిన పెద్దలకు..."

అన్నాక నాకే తేడా తెలిసింది. అలంకరించిన అనబోయి అహంకరించిన అన్నాను. మా పెద్దలు తలలూపారు. వాళ్ళకు అలంకరించినా ఒకటే, అహంకరించినా ఒకటే. ఆ జనంలో ఆ మాట అర్థమైనవాడు ఒకే ఒక్కడు. అతను కర్చీఫ్‌తో మూతి తుడుచుకున్నట్టు చేసి నవ్వు దాచుకున్నాడు. నేను చూసేశాను. అంతే. రెండో వాక్యం పోయింది, మూడోది పోయింది, రథం గంటలతో తోరణాలతో సహా గోతిలో పడింది. మైకు కీచుమంది. కనీసం గాంధీ కథైనా చెబుదామని చూస్తే, పార్లమెంటులో లేచింది ఎవరో, మూడుసార్లు అన్నది ఏమిటో గుర్తు రాలేదు. అడిసన్ కథ చెప్పబోయి గాంధీ మరిచాడు, గాంధీ కథ చెప్పబోయి నేను మరిచాను. థాంక్స్ చెప్పడం కూడా ఆయనకే వచ్చింది. నేను "ఉగాది" అని ఒక్క మాట అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకన్నా రాళ్ళు మెరుగు.

క్లాంగ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇది విని, తనుండే చోట ఉపన్యాసాలు నేర్పే క్లబ్బులో నన్ను చేర్పించింది. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ పద్ధతి అది. మంచి పద్ధతే. టైము అయిపోతుంటే పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు చూపిస్తారు. ఇంకొకాయన పని, మాట్లాడేవాడు మధ్యలో ఎన్నిసార్లు ఆఁ, ఊఁ అన్నాడో లెక్కపెట్టడం. నేను నాలుగు నిమిషాలు మాట్లాడితే 31 అన్నాడు. ఉద్యోగం చేసిన ఏళ్ళు కూడా 31. దానికి ఏదో అర్థముందని బస్సులో చాలాసేపు ఆలోచించాను గానీ ఏమీ లేదు. మూడు నెలలు వెళ్ళాను. ఊఁలు పద్నాలుగుకు దిగాయి. భయం మాత్రం తులం తగ్గలేదు. పైగా ఇదివరకు మాట మరిచిపోతానని ఒకటే భయం, ఇప్పుడు ఊఁ అనేస్తానేమోనని ఇంకోటి.

2018 శ్రీరామనవమి. కల్యాణం అయింది, పానకం, వడపప్పు పంచారు. సాయంత్రం కౌలాలంపూర్ నుంచి ఒక వక్త రావాలి. ఆయన కారు సబక్ బెర్నాం ఇవతలికి రాలేదని ఫోన్. వాన. జనం కూర్చుని ఉన్నారు, పిల్లలు పరుగులు పెడుతున్నారు. నేను అప్పటికి గుడిలో మైకులు, వైర్లు చూసుకునేవాణ్ణి. మాట్లాడనివాడికి మైకు అప్పగించడం మా కమిటీ వేళాకోళం అనుకోండి. ఉరుములకు కరెంటు పోయి వచ్చింది. మైకు పనిచేస్తోందో లేదో చూద్దామని వేలితో తట్టి, "ఒకటి" అన్నాను.

"ఊఁ" అంది ముందు వరసలోంచి ఒక గొంతు.

మా పెద్దమ్మ. వరసకు పెద్దమ్మ, 88 ఏళ్ళు. ఫ్యాను కింద కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది.

"రెండు" అన్నాను.

"ఊఁ."

"మూడు."

"ఊఁ. తరవాత?"

జనం నవ్వారు. నాలుగో తరగతిలో విన్న నవ్వు ఒకటి, ఇది ఒకటి. రెండూ నవ్వులే గానీ, దీనికి నాక్కూడా నవ్వొచ్చింది. చిన్నప్పుడు లయన్లలో, కరెంటు లేని ఎస్టేటు కొంపల్లో, ఈ పెద్దమ్మే మాకు కథలు చెప్పేది. మేం ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆపేసేది. "నిద్దరోనావేట్రా?" అని తొడ మీద ఒకటి వేసేది. బుర్రకథలో కథకుడికి అటొకడు ఇటొకడు వంతలు ఎందుకుంటారో, హరిదాసు మధ్యమధ్యలో జనం చేత గోవింద ఎందుకు కొట్టిస్తాడో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. క్లబ్బులో నా నోటి నుంచి ఏరి పారేసిన ఊఁ, అసలు నాది కాదు. అది వినేవాడు ఇవ్వాల్సింది. ఇన్నాళ్ళూ నా చేతిలో ఉన్నది వాళ్ళ వాటా.

ఇదంతా తరవాత తీరిగ్గా అనుకున్నది. అప్పుడు మాత్రం, "తరవాతేటి? మా తాత ఓడెక్కినాడు" అనేశాను. ఇంట్లో ఎలా అంటామో అలాగే.

"ఊఁ."

చెప్పుకుంటూ పోయాను. తాత ఊరు విడిచి మద్రాసు రైలెక్కడం, ఆవడి కూలీల డిపోలో కూర్చోబెట్టడం. డిపోలో గుమాస్తా తమిళం మాట్లాడతాడు, తాతకు ఒక్క ముక్క రాదు. తెల్లమొహం వేస్తే వెనక్కి పంపేస్తారని అన్నిటికీ ఊఁ అన్నాడు. పెళ్ళయిందా? ఊఁ. కాలేదా? ఊఁ. ఎవరైనా తోడొచ్చారా? ఊఁ. ఒంటరిగా వచ్చావా? ఊఁ. రబ్బరు తోటకు పోతావా? ఊఁ. కొబ్బరి తోటకా? ఊఁ. గుమాస్తా విసిగిపోయి ఆ చివరి ఊఁ దగ్గర కలం ఆపాడు. "లేకపోతే మనం ఇవాళ రబ్బరు పాలు గీసుకునేవాళ్ళం" అంటే గుడంతా ఘొల్లుమంది. పానకం గ్లాసు ఎవరిదో దొర్లింది.

పినాంగ్ చేరాక పులావ్ జెరెజాక్ దీవిలో దింపి, అంటురోగాలున్నాయేమోనని కొన్నాళ్ళు ఆపిన సంగతి చెప్పాను. అక్కడ తాత బట్టలతోబాటు చింతపండు మూట కూడా మరిగే నీళ్ళలో ముంచారని, ఓడ దిగాక పెట్టిన మొదటి పులుసు అక్కడే అయిపోయిందని ఆయన జీవితాంతం ఏడ్చాడు. తరవాత ఎక్కడెక్కడికో వెళ్ళింది కథ. జపాన్‌వాళ్ళ కాలానికి వచ్చింది. సయాం రైలు పనికని తోటల్లోంచి మనుషుల్ని పట్టుకుపోయారు. తాత తమ్ముడు వెళ్ళాడు, రాలేదు. అతను వేసుకెళ్ళడానికి తాత తన చెప్పులు విప్పి ఇచ్చాడు. ఆ పైన తాత మళ్ళీ చెప్పులు కొనుక్కోలేదు. దీన్ని నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, చెబుతానని కూడా అనుకోలేదు. అక్కడ పెద్దమ్మ ఊఁ కాస్త ఆలస్యంగా వచ్చింది. నేను ఆగాను. వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను.

వక్తగారు తడిసి వచ్చేసరికి నేను 40 నిమిషాలు మాట్లాడానట. మా ఆవిడ వాచీ చూసి చెప్పింది. మొత్తం మా ఎస్టేటు తెలుగే. అందులో కొట్టుకు 'కెడాయ్' ఉంది, కూలీల మేస్త్రీకి 'కంగాణి' ఉంది, 'ఎల్లిపోనాడు' ఉంది. ఎవరూ కర్చీఫ్ తీయలేదు. తీసి ఉండవచ్చు కూడా, నేను పెద్దమ్మను తప్ప ఎవర్నీ చూడలేదు.

భయం పోయిందా అంటే పోలేదు. ఆ తరవాత చాలాసార్లు మాట్లాడాను. తెలుక్ ఇంతాన్‌లో, ఒకసారి ఈపోలో కూడా. ప్రతిసారీ లేచేముందు నోరెండిపోతుంది, చేతిలో కాగితం గలగలమంటుంది. అందుకే కాగితం తీసుకెళ్ళడం మానేశాను. ముందు వరసలో ఒక ముసలామెను వెతుక్కుంటాను. తల ఊపితే చాలు.

ఆ నవమి మర్నాడు పొద్దున్నే రోటీ చనాయ్ పొట్లం కట్టించుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. కాళ్ళకు దండం పెట్టి, నిన్న నువ్వు ఊఁ కొట్టబట్టే నాకు నోరు వచ్చింది పెద్దమ్మా అన్నాను. వినపడలేదు. చెవి దగ్గరికి వెళ్ళి గట్టిగా అరిచాను.

"ఏటి, నువ్వు మాటాడినావా నిన్న?" అంది. "నాకేటి ఇనపడద్దిరా గుంటడా. సెవిలో మిసను ఇంట్లో మరిసిపోనాను. నువ్వు నోరు ఆపినప్పుడల్లా ఊఁ అన్నాను. సిన్నబోతావని."

నాకేమనాలో తోచలేదు. పొట్లం విప్పి, రోటీ ముక్క తుంపి పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. డ్రాయర్లోంచి మిషను తీయించి చెవిలో పెట్టించుకుంది.

"మరయితే ఏ కత సెప్పినావు?"

"తాత ఓడెక్కిన కత."

"ఊఁ" అంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచి ఎత్తుకున్నాను.